పక్క సీటు మీద తువ్వాల

ధర్మవరం,
ఆగస్టు 2002

ప్రియమైన బయ్యన్నకు,

ఇక్కడ అందరం బాగున్నాం. మగ్గం నడుస్తోంది, వాన మాత్రం ఈ ఏడూ మొహం చాటేసింది. నువ్వు గార్లదిన్నె వదిలి బెంగళూరు పోయాక మొన్నే మొదటిసారి అనంతపురం ఫిల్మ్ సొసైటీ పండుగకు ఒక్కణ్ణే పోయాను. అలవాటు చొప్పున పక్క సీటు మీద తువ్వాల వేశాను. ఒకాయన "ఎవరన్నా వస్తాండారా?" అని అడిగాడు. వస్తాడు అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఏదో ఎడారి దేశం సినిమా వేశారు. ఒక ముసలాయన సినిమా అంతా బావి తవ్వుతూనే ఉంటాడు. కొడుకు వద్దంటాడు, ఊరు నవ్వుతుంది. చివర్లో బావిలో నుంచి తల పైకెత్తి ఆకాశం వైపు చూస్తాడు. అంతే, లైట్లు వేసేశారు. నీళ్లు పడ్డాయో లేదో చూపించనే లేదు. ఆయన నవ్వాడనే నాకనిపించింది. నీళ్లు పడ్డాయప్పా.

ఈ మాట చెప్పడానికి టీ అంగడి దగ్గర ఒక్క మనిషి లేడు. ఇంటికొచ్చి మా ఆవిడ ఆంజినమ్మకు చెబితే, "నీళ్లు పడితే నీకేమి, పడకపోతే నీకేమి? అన్నం తిను" అంది.

నీ పక్క సీటువాడు,
నారాయణప్ప

బెంగళూరు,
సెప్టెంబరు 2002

ప్రియమైన నారాయణప్పకు,

నీ జాబు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని మళ్లీ మళ్లీ చదివాను. వాచ్‌మన్ పనికి కావలసినంత తీరిక. కార్లు వస్తాయి, పోతాయి, సలాం కొడతాను. రోజంతా నా నోట్లో నుంచి వచ్చే మాట అదొక్కటే. సినిమాకు పోదామన్నా ఎవరితో పోవాలి?

నీళ్లు పడలేదు. ఆ ముసలాయన తల పైకెత్తింది ఏడుపు ఆపుకోవడానికి. బోర్లు వేసి వేసి చేను అమ్ముకున్నవాణ్ణి, నాకు తెలియదా?

నా కోసం సీటు ఊరికే పెట్టుకోకు. ఎవరినన్నా కూర్చోబెట్టుకో. మన స్నేహం మొదలైంది ఎట్లాగో మరిచావా? నా తువ్వాల తీసి నువ్వు దర్జాగా కూర్చుంటే హాలంతా వినేట్టు అరిచాను: "తువ్వాల ఏసినాక ఆ సీటు ఒకరిది. తీసే హక్కు దేవునికి గూడా లేదు." ఆ పూట టీ నువ్వే తాపించావు.

నీ బయ్యన్న

ధర్మవరం,
జూలై 2003

ప్రియమైన బయ్యన్నకు,

ఒక చెడ్డ కబురు. సొసైటీకి అద్దెకిచ్చే హాలును కల్యాణ మంటపం చేస్తున్నారు. సభ్యులూ పలచబడ్డారు. ఈ ఆగస్టు పండుగే ఆఖరిది. మేం పట్టుబట్టి ఆ బావి సినిమానే మళ్లీ తెప్పిస్తున్నాం. ఆదివారం మధ్యాహ్నం ఆట. నువ్వొచ్చి నీ కళ్లతో చూసి అప్పుడు మాట్లాడు.

యేసన్న అని కొత్త సభ్యుడొకడు వచ్చాడు, టీచరు. వాదనలో నీకంటే మొండి. నీ సీటు మీద కన్నేశాడు, ఆపైన నీ ఇష్టం.

ఎదురు చూస్తూ,
నారాయణప్ప

ధర్మవరం,
ఆగస్టు 2003

బయ్యన్నా,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. జాబు లేదు, మనిషీ లేడు. యేసన్న వచ్చి "ఈడ కూసోవచ్చునా అన్నా?" అంటే వద్దన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుని ముందు వరుసకు పోయాడు. చీరల నేతలో మిగిలిన పట్టు అంచు కుట్టించి నీకిద్దామని కొత్త తువ్వాల చేయించాను. అదే వేసి పెట్టాను. ఆట అయిపోయింది, హాలు ఖాళీ అయింది, మడిచి సంచిలో పెట్టుకుని వచ్చాను. ఇక ఆ హాల్లో సినిమా లేదు.

నారాయణప్ప

బెంగళూరు,
సెప్టెంబరు 2003

ప్రియమైన నారాయణప్పకు,

తిట్టు. ఎంత తిట్టినా పడతాను. కానీ నేను వచ్చాను.

చెప్పకుండా వచ్చి నిన్ను బెదరగొడదామనుకున్నాను. దారిలో బస్సు టైరు పంచరైంది. నేను వచ్చేసరికి సినిమా నడుస్తోంది. తెర వెలుగులో నీ బట్టతల కనిపించింది. పక్క సీటు మీద మెరిసే అంచు తువ్వాల. మన భుజాల మీద అలాంటివి ఎన్నడూ లేవు. ఆ టీచరుది అనుకున్నాను. ఒకరు వేసిన తువ్వాల తీసే హక్కు నాకెక్కడిది?

వెనక గోడకు ఆనుకుని చూశాను. ముసలాయన తల పైకెత్తగానే నువ్వు పక్కకు తిరిగి నవ్వావు. పక్కన ఎవరూ లేరు. ఆ టీచరు బయటికి పోయాడేమో అనుకున్నాను గానీ, ఆ నవ్వు నాదని తెలియలేదు. రాత్రి డ్యూటీ ఉందని లైట్లు వేయకముందే బస్టాండుకు వచ్చేశాను. నా సీటు పోయిందని బస్సులో ఏడ్చాను నారాయణప్పా. నీ జాబు చదివి మళ్లీ ఏడ్చాను.

ముసలాయన సంగతి ఉత్తరాల్లో తేలేది కాదు. హాలు పోతే పోయింది, టీ అంగడి ఉంది కదా. దసరాకు సెలవు అడిగాను, ఇస్తామన్నారు. నువ్వు ముందే వచ్చి బల్ల మీద ఆ తువ్వాల వేసి పెట్టు. ఈసారి ఎవరిదని చూడను, తీసి భుజాన వేసుకుని కూర్చుంటాను.

నీ పక్క సీటువాడు,
బయ్యన్న