తొలికోడి సైకిళ్లు

కర్నూలు,
1944 జనవరి.

ప్రాణానికి ప్రాణమైన కృపమణికి,

నువ్వు జమ్మలమడుగు ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకోవడానికి పోయినప్పటి నుంచి ప్రతి ఉత్తరంలో క్షేమమనే రాశాను. ఈసారి అలా రాయలేకపోతున్నాను.

మా ముగ్గురి సైకిళ్ల సంగతి నీకు తెలుసు. పిల్లలు పత్తి ఏరడానికి పోకముందే బడి పెట్టాలి కనుక తొలికోడి వేళకే బయలుదేరతాను. కాలువ తూముల దగ్గర పనిచేసే నారాయణ ముందు, ఊరూరా తిరిగి దూది ఏకే పీర్ బాషా నడుమ, వెనక నేను. కాలువ గట్టు మీద సుంకేసుల దారి. యుద్ధం వచ్చి కిరసనాయిలు దొరక్క మా సైకిళ్లకు దీపాల్లేవు. చుక్కల వెలుగే. బాషా సైకిలుకు కట్టిన దూది విల్లు గాలికి సన్నగా మోగుతుంటుంది. నీళ్ల వాసన, మంచుకు తడిసిన జొన్నచేల వాసన, ఆ మోత. నిద్రలోనే ఎక్కడికో తేలిపోతున్నట్టు ఉంటుంది. రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వేళ అది.

కానీ కృపా, క్రిస్మస్ ముందు నుంచి ఆ వేళ నాకు ఏమీ కనపడటం లేదు. పొద్దు వాలితే లోకం మూసుకుపోతుంది. బాగా తెల్లారితే గానీ తెరుచుకోదు. ఆ విల్లు మోతను పట్టుకునే తొక్కుతున్నాను. వాళ్లకు చెప్పలేదు. మొన్న మంచుకు విల్లు నారి తడిసి మోత ఆగిపోయింది. మలుపు తెలియక సైకిలుతో సహా కాలువలో పడ్డాను. బాషా దూకి జుట్టు పట్టి లాగాడు.

"ఏమప్పా అయ్యోరా, నిద్రపోతాండావా?" అన్నాడు. అవునన్నాను.

నెలాఖరుకు బడి మానేసి పత్తికొండ పక్కన మా నాయన గొర్రెల దగ్గరికి పోతాను. నువ్వు చదువు ఆపొద్దు. గుడ్డివాణ్ణి చేయి పట్టి నడిపించడానికి నువ్వు నన్ను పెళ్లాడలేదు. నా దగ్గరికి తిరిగి రావడం, రాకపోవడం నీ ఇష్టానికే వదిలేస్తున్నాను.

నీ
లేవి


జమ్మలమడుగు.

మీకు మీ కృపమణి వందనాలు.

ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత శానా కోపం వచ్చింది. క్రిస్మస్‌కు మీ గదికి వచ్చిపోయిన మా పెద్దమ్మ సంతోషమ్మ, "ఏం తిని బతుకుతాండాడో అల్లుడు, ఉట్టి మీద జొన్నరొట్టె, ఎర్రకారం తప్ప ఏమీ లేదమ్మీ" అని కబురు పెట్టింది. వంటకు బద్ధకం అనుకుని నవ్వుకున్నాను. నవ్వినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

మా డాక్టరమ్మను అడిగాను. అది రేచీకటి. పాలు, ఆకుకూరలు ఎరగని ఒంటికి వస్తుందట. కరువు ఊళ్ల నుంచి వచ్చే పసిపిల్లలకు రోజూ చేపనూనె తాగిస్తున్నది నేనే. ఇక్కడ ఊరి పిల్లలందరి కళ్లూ చూస్తూ, నా ఇంటి కళ్లు చూసుకోలేకపోయాను. ఇప్పుడే పట్టించుకుంటే తప్పక నయమవుతుందని డాక్టరమ్మ మాట ఇచ్చింది.

ఏసేపు మామ కర్నూలు వస్తున్నాడు. నూనె సీసా పంపుతున్నాను. ముక్కు మూసుకుని తాగండి. మునగాకు, మేక కార్జం తినండి. బడి మానొద్దు. ఆ ఇద్దరికీ నిజం చెప్పండి.

రావడం నా ఇష్టమన్నారు. నా ఇష్టం పెళ్లినాడే చెప్పాను. ఇంకోసారి అడగొద్దు.

మీ
కృపమణి


కర్నూలు,
ఫిబ్రవరి.

నా కృపకు,

చెప్పాను. నారాయణ మరునాటి నుంచి నన్ను తన సైకిలు వెనక కూర్చోబెట్టుకున్నాడు. బాషాకే కోపం. "కండ్లు కనపడకుండా ఇన్నాళ్లూ నా ఎనక వస్తివా? నేను నీళ్లలోకి పోయింటే నువ్వూ వస్తాంటివి గదప్పా" అన్నాడు. ఆ సాయంత్రమే నన్ను వాళ్లింటికి లాక్కుపోయాడు. వాళ్లమ్మ మున్నీ బీ రోజూ కార్జం వండి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటోంది. "తిను నాయనా, నీ పెండ్లాం వచ్చి అడిగితే నేనేం చెప్పల్ల?" అంటుంది.

నువ్వు పంపిన నూనె కూడా తాగుతుంటే రెండు వారాలకు మసకమసకగా ఏవో కదలడం మొదలైంది. నిన్న మళ్లీ నా సైకిలు నేనే తొక్కాను. ఊరు దాటి గట్టెక్కాం. ముందు బాషా వీపు కనిపించింది. తర్వాత కాలువ. నీళ్ల మీద పల్చటి పొగమంచు, దాని కింద కదలకుండా చుక్కలు. అవతలి గట్టున కొంగలు ఒంటికాలి మీద నిద్రపోతున్నాయి. పైన ఆకాశం, కింద ఆకాశం, నడుమ మేము. చక్రాలు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియలేదు. నాకు తెలియకుండానే ఆగిపోయాను.

ఇద్దరూ వెనక్కి తిరిగి వచ్చారు. "ఏమైందప్పా?" అన్నాడు నారాయణ.

"ఏం కాలేదు. సూస్తాండా" అన్నాను.

రోజూ ఆ దారినే పోయే మనుషులు, సైకిళ్లు గట్టున పడుకోబెట్టి నా పక్కన నిలబడి చూశారు. కొంగలు ఒక్కొక్కటే లేచి పోయేదాకా, నీళ్లలో చుక్కలు ఆరిపోయేదాకా అలాగే ఉన్నాం.

నిన్న బడి ఆలస్యమైంది, కృపా. ఎందుకని పిల్లలు అడిగితే, పలక మీద ఒంటికాలి కొంగను గీసి చూపించాను.

నీ
లేవి