ఊరగాయ సీసా మూత తీసినవారికి ఎన్నేళ్ళు?

రాజపాళయం, 3-3-2025
చిరంజీవి బావమరిది బాలసుబ్రహ్మణ్యకు ఆశీస్సులు.
నలభై ఏళ్ళ కిందట మీ అక్క ధనాన్ని నాకిచ్చి పెళ్ళి చేసేటప్పుడు, "ఏటా ఒక జాడీ మామిడికాయ ఊరగాయ మా ఇంటినించి వస్తాది బావా" అని పందిట్లో మాటిచ్చావు. మూడేళ్ళు వచ్చింది. తరువాత నువ్వు మదురైలో వకీలువయ్యావు, నేను అంగడి సీసాల పాలయ్యాను. ఈసారి సీసాలో ఉప్పు లేదు, కారం లేదు. మూత కింది రేకు అంచు కాలి ఉంది. ఎవరో తెరిచి మళ్ళీ అంటించారు. అమ్మినవాడు ఆరోక్కియరాజ్. నేను లైబ్రరీలో పనిచేసేటప్పుడు నాలుగు పేజీలు చించి పుస్తకం తిరిగిచ్చినవాడు. వాడికి మూత ఒక లెక్కా? వచ్చే సోమవారం పోలీసులకు రాసిస్తాను. ఎన్నేళ్ళు వేస్తారు?
ఇట్లు, శంకరరాజా
తా.క.: సాక్ష్యం కొరియర్‌లో పంపాను. తెరవకు.

మదురై, 5-3-2025
బావగారికి నమస్కారం.
ఏళ్ళు కాదు, నెలలు. తిండిని హానికరంగా కల్తీ చేసి అమ్మితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఎవరు చేశారు, ఎవరికి చెడు జరిగింది అని జడ్జి అడుగుతాడు. చిరిగిన పేజీల సంగతి అడగడు. మీకు కడుపునొప్పి ఏమైనా వచ్చిందా?
మీ బాలసుబ్రహ్మణ్య
తా.క.: సాక్ష్యాన్ని పెరుగన్నంలో పరీక్షించాను. ఇంకో సీసా కావాలి.

రాజపాళయం, 7-3-2025
బాలసుబ్రహ్మణ్యకు,
నొప్పి లేదు. నా అనుమానం అక్కడే. డాక్టరు నిన్న బీపీ చూసి, "ఏం సార్, ఇంత బాగా తగ్గినాది?" అన్నాడు. మెల్లగా పనిచేసే విషాల గురించి నేను చాలా చదివాను. ఆరోక్కియరాజ్ అంగడి మూతపడాల్సిందే. "పాపం, ఆ మనిషిని విడిచిపెట్టండి" అని ధనం అన్నం కూడా సరిగా తినడం లేదు.
శంకరరాజా
తా.క.: రెండో సీసా పంపాను. దీన్నీ తింటే నీ పేరూ రాసిస్తాను.

మదురై, 8-3-2025
బావా,
స్టేషన్‌కు వెళ్ళకండి. రేకు మీద ఉన్నది ఇస్త్రీపెట్టె గుర్తు. అక్కకు ఫోన్ చేశాను. "డాక్టరు ఉప్పు ఒద్దన్నాడురా. చెప్తే వింటారా ఆయన? ముక్కలు కడిగి, నూనె పోసి, మళ్ళీ మూసినాను" అంది. అక్క అమ్మలేదు, హాని చేయలేదు. మంచి చేసినవాళ్ళకు చట్టంలో శిక్ష లేదు.
మీ బాలసుబ్రహ్మణ్య
తా.క.: రెండో సాక్ష్యమూ అయిపోయింది.

రాజపాళయం, 10-3-2025
వకీలుగారికి,
ఫిర్యాదును నాలుగు ముక్కలుగా చించాను. ఆరోక్కియరాజ్‌కూ నాకూ సరి. ధనాన్ని ఆరు నెలలని బెదిరిస్తే, "పెట్టండి లోపల. అన్నాళ్ళు మీకు గంజి ఎవరు కాస్తారో చూస్తాను" అంది. కేసు అక్కడే కొట్టేశాను. కానీ ఇస్త్రీపెట్టె ఉపాయం ఎట్లా తట్టిందని అడిగాను. "నాకేం తెలుసు? పొంగల్ అప్పుడు తమ్ముడు వచ్చినాడు కదా, వాడే నేర్పించి పోయినాడు" అంది.
శంకరరాజా
తా.క.: ఆ జాడీ ఏటా వచ్చి ఉంటే ఈ ఇంట్లోకి సీసా వచ్చేది కాదు, రేకు కాలేది కాదు. మాట తప్పినవాడు, ఉపాయం చెప్పినవాడు, సాక్ష్యం తిన్నవాడు, ముగ్గురూ ఒక్కడే: బాలసుబ్రహ్మణ్య.