పదో కన్నం

బిష్కెక్, జూన్ 12

కొండమీది అక్కకి,

కింద మిగిలిపోయిన నీ ఐపెరి రాస్తున్నాను. సోన్‌కుల్ కొండమీద ఫోన్ అందదని తెలిసీ రోజుకి నాలుగుసార్లు నీ నంబరు నొక్కుతున్నాను. ఇక లాభంలేదని ఈ ఉత్తరం సరుకుల జీపు తోక్తోష్ మామ చేతికిస్తున్నాను. మామ విప్పి చదవడులే, కళ్లజోడు ఎప్పుడూ ఇంట్లోనే మరిచిపోయే మనిషి.

గొర్రెలతో పైకి వెళ్లేముందు నా పని ఏమిటని అడిగావు. మా కంపెనీ పదకొండు ఊళ్ల ఆడవాళ్ల ఆసుపత్రులకి, రోగుల చీటీలు దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మావాళ్లు రాసే కోడ్‌లో దొంగలు దూరగల కన్నాలు మిగిలిపోతుంటాయి. వాటిని వెతికే టూల్స్ బజారులో బోలెడు. అందులో మాకేది పనికొస్తుందో తేల్చమని మా పెద్ద ఎసెన్ అన్న నాకప్పగించాడు. నేను మా కోడ్‌కి ఒక నకలు తీసి, నా చేత్తోనే అందులో పది కన్నాలు పెట్టాను. ఏది ఎన్ని పట్టుకుంటుందో చూద్దామని.

మొదటిది అమ్మడానికి అల్మాటీ నుంచి టై కట్టుకుని ఒకాయన వచ్చాడు. తెరమీద అన్నీ పచ్చరంగు చక్రాలే, చూడముచ్చటగా ఉంది. పట్టుకున్నది మూడు. రెండోది ఆకు కదిలినా మొరిగే రకం, నాలుగువేల హెచ్చరికలు ఇచ్చింది. రెండోరోజుకి దాని మాట వినేవాడే లేడు. మూడోది తొమ్మిది పట్టుకుంది. దాంతోపాటు మావాళ్ల అసలు తప్పులూ బయటపెట్టి, ప్రతి తప్పు పక్కనా అది రాసినవాడి పేరు వేసింది. ఎసెన్ అన్నకి అది తెగ నచ్చేసింది. ఆ పట్టీ అచ్చువేసి వంటగది గోడమీద మేకుకి తగిలించాడు. అందరూ గబగబా ఆ నకల్లోనే తమ తప్పులు దిద్దుకున్నారు. అంత పనీ వృథా చేయడమెందుకని, నేను పెట్టిన కన్నాలు పూడ్చేసి ఆ నకలునే సోమవారం ఆసుపత్రులకి పంపాం.

అసలు సంగతి ఇది కాదక్కా. పట్టీలో కుబాత్ పేరు అరవై ఒక్కసార్లు వచ్చింది. గుర్తున్నాడా, పక్క బల్లమీంచి నాకు రోజూ తన మాంసం సంసాలో సగం విరిచిపెట్టేవాడు? ఆ మర్నాడే తన బల్ల కిటికీ దగ్గరకి జరుపుకున్నాడు. నేను టీ కోసం వెళితే, "మెల్లగా మాట్లాడండ్రా, పోలీసమ్మ వచ్చింది. తుమ్మినా పట్టీకెక్కిస్తుంది" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, కుబాత్ తప్ప. అతనూ నవ్వి ఉంటే బాగుండేది. అప్పటినుంచి నా టీ నేనే పోసుకుని నా బల్ల దగ్గరే తాగుతున్నాను. రోజంతా నాతో మాట్లాడేది ఆ టూల్ ఒక్కటే.

నేను ఊరు వదిలినప్పుడు, తిరిగొచ్చి మిగతాది నేనే తినాలని నాచేత కొరికించి గోడకి తగిలించావే, ఆ రొట్టె ఇంకా ఉందా? వచ్చి తినేయాలనిపిస్తోంది.

నీ ఐపెరి

*

జూన్ 27

అక్కా,

ఇది కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేనప్పుడు చదువు.

ఉద్యోగం మానేద్దామని నిర్ణయించుకుని, నా తర్వాత వచ్చేవాళ్ల కోసం కాగితాలు సర్దుతున్నాను. నేను పెట్టిన పది కన్నాల జాబితా చేతికి తగిలింది. టూల్ చూపించినవి చూపించినట్టు తొమ్మిదీ పూడ్చాను. పదోది ఏ టూలూ పట్టుకోలేదు. టూల్ జాబితాలో లేదు కాబట్టి నేనూ పూడ్చలేదు. "పదింట తొమ్మిది" అని నివేదికలో గొప్పగా రాసింది నేనే. ఆ పదోది ఏమైందని ఒక్కరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

పంతొమ్మిది రోజులు అది తెరిచే ఉంది. చిరునామా చివర మీ కుక్క కుమాయిక్ పేరు తగిలిస్తే చాలు, సంకేతపదం అడగకుండా ఏ ఆడమనిషి చీటీ అయినా తెరుచుకుంటుంది. సరదాగా ఆ పేరు పెట్టానక్కా. కంచే చేను మేసిందంటే ఇదే.

అందులో నీ చీటీ ఉంది. చలికాలంలో నువ్వు ఇక్కడి ఆసుపత్రి నుంచి వచ్చి నా గదిలో మూడు రోజులు పడుకుని, మీ అత్తగారికి పంటినొప్పని చెప్పమన్నావే, ఆ చీటీ. నాలుగో నెల అని, బిడ్డ నిలవలేదని, తేదీతో సహా. ఈ లోకంలో నువ్వు నాకొక్కదానికే చెప్పిన మాటని నేను వీధిలో పెట్టాను.

ఇవాళ పది నిమిషాల్లో దాన్ని పూడ్చేశాను. ఎవరూ చూడలేదు. ఈలోగా ఎవరైనా దూరారో లేదో రాకపోకల చిట్టాలో ఉంటుంది, కానీ అది తెరవగలిగేది ఎసెన్ అన్న ఒక్కడే. ఎందుకని అడుగుతాడు. ఊరందరి తప్పులూ గోడకెక్కించినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నోరు మూసుకుని రాజీనామా ఇచ్చి నీ దగ్గరకి వచ్చేస్తాను. పాలు పితుకుతాను, పేడ ఎత్తుతాను. రమ్మను.

ఐపెరి

*

సోన్‌కుల్, జూలై 3

తెలివితక్కువ చెల్లికి,

తోక్తోష్ వెనక్కి బయల్దేరుతున్నాడు, తొందరగా రాస్తున్నాను. రావద్దు. వస్తే పులిసిన గుర్రప్పాల కుమిస్ కాదు కదా, మంచినీళ్లు కూడా పోయను.

కుమాయిక్ మొరగలేదని మేం సాయంత్రం గొర్రెల్ని లెక్కపెట్టడం మానేస్తామా? కుక్క పని కుక్కది, మన పని మనది. ఇంత చదివి ఆ మాత్రం తెలియలేదా నీకు?

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, అబద్ధమెందుకు. అత్త చూసింది. "మళ్లీ పంటినొప్పా?" అంది. ఇక దాచలేక మొత్తం చెప్పేశాను. గుర్రం దగ్గర పాలు పితుకుతూ ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఆ రాళ్లగుట్ట వెనక నావి రెండున్నాయి. నాకూ చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు" అంది. ఆరేళ్లుగా ఒకే గుడారంలో పడుకుంటున్నామే మేమిద్దరం!

కాబట్టి నా గుట్టు కోసం భయపడకు. కానీ మిగతా ఆడవాళ్లున్నారు. ఎవరికి చెప్పుకోవాలో, ఎప్పుడు చెప్పుకోవాలో వాళ్ల ఇష్టం. దొంగ ఇష్టం కాదు, నీ ఇష్టం అంతకన్నా కాదు. ఆ చిట్టా తెరిపించు. తిట్టిన తిట్లన్నీ తిను. తిన్నాక రా.

అనార్‌కుల్

*

జూలై 9

అక్కా,

తిన్నాను.

సోమవారం పొద్దున అందరూ ఉన్నప్పుడే చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎసెన్ అన్న వెంటనే చిట్టా తెరిచాడు. ఆ కన్నంలోంచి వచ్చింది మొత్తం ఇద్దరు. ఒకటి, పరీక్ష కోసం నేను. రెండోది, ఆసుపత్రులకి పంపిన ఆరో రోజున, కుబాత్ కంప్యూటర్ నుంచి. గుమ్మందాకా వచ్చి ఒక్క చీటీ కూడా తెరవకుండా వెనక్కి వెళ్లాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"కోడ్ చదువుతుంటే కనిపించింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే గోడమీద నీ పేరు ఎక్కుతుంది. ఎక్కితే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా. నువ్వే చూసుకుంటావులే అనుకున్నా."

"నా పరువు కోసం పదమూడు రోజులు తలుపు తీసి వదిలేశావా?" అని అరిచాను. "నువ్వు మాత్రం! పక్క బల్లేగా? నా అరవై ఒక్క తప్పులూ నాతో ఒక్కమాట అనకుండా నేరుగా గోడకెక్కాయి" అని అతనూ అరిచాడు. ఎసెన్ అన్న ఇద్దర్నీ నోరుమూసుకోమన్నాడు.

పదకొండు ఆసుపత్రులకీ జరిగింది జరిగినట్టు రాశాం. ఒక ఆసుపత్రి మమ్మల్ని వదిలేసింది. నన్ను ఉంచాలో వద్దో ఎసెన్ అన్న ఇంకా తేల్చలేదు, శుక్రవారం నుంచి మూడు రోజులు సెలవు తీసుకోమన్నాడు. వెళ్లేలోపు నివేదిక ఇచ్చేశాను. మూడో టూలే తీసుకోమన్నాను. పేర్లు మాత్రం గోడకెక్కకూడదు. వారానికోసారి ఒకరి కోడ్ ఇంకొకరు పక్కన కూర్చుని చదవాలి. దానికి ఎసెన్ అన్న గొణిగాడు గానీ, లేచి వెళ్లి ఆ పట్టీ తనే పీకేశాడు.

కుబాత్ బల్ల కిటికీ దగ్గరే ఉంది. నాతో ఇంకా సరిగా మాట్లాడడు. ఇవాళ సాయంత్రం సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే ఒక గుండ్రటి రొట్టె తెచ్చి మూతి దగ్గర పెట్టాడు.

"కొరుకు."

"మూడు రోజులకే వెళ్తున్నాను, యుద్ధానికి కాదు."

"కొరుకుతావా లేదా?"

కొరికాను. మిగతాది సంచిలో చుట్టి వంటగదిలో ఆ ఖాళీ మేకుకి తగిలించాడు. వచ్చాక నేనే తినాలట. అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పాడు.

కుమిస్ సిద్ధంగా పెట్టు. అత్తగారి దగ్గర నాకూ కాస్త చోటు ఉంచు.

వచ్చి మళ్లీ వెళ్లిపోయే
నీ ఐపెరి