ఇల్లు దూరిన తాబేలు

చోడవరం, 12-5-1955

తాబేలు దూరిన ఇల్లు బాగుపడదంటారు. ఇల్లు దూరిన తాబేలు ఏమవుతుందని ఎవరైనా అడిగారా? చిన్నప్పటినుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది.

మధ్యాహ్నం అత్తయ్య జాలిపడి, పెరట్లో నేను పెంచుతున్న మెట్ట తాబేలును నీళ్ల గంగాళంలో వేసేశారు. అది నేలమీద బతికే రకం. దానికి ఈత రాదు. పరుగున వెళ్లి పైకి తీశాను. పేరు తాబేలైతే చాలు, నీళ్లలోనే ఉండాలనుకుంటారు!

"ఎండకి మాడిపోతందని ఏసేనే," అన్నారు.

అదీ నిజమే. రేకు కప్పిన దాని గూట్లో చెయ్యి పెడితే పెనంలా కాలింది. రేకు పీకేసి చెరకు ఆకు కప్పాను. సగం ఎండ, సగం నీడ పడేలా చుట్టూ తడక కట్టి, నీడవైపు గుంట తవ్వి మట్టి తడిపాను.

"బీఏ సదివింది తాబేలుకి మేడ కట్టడానికేటే? ఇంటికి దరిద్రం!"

"అవునత్తయ్యా, మేడే. దరిద్రం వస్తే నా గదిలోకే రమ్మనండి."

సాయంత్రం అది గుంటలోంచి వచ్చి తోటకూర తింది. గెలిచాననుకున్నాను. తిన్నాక తడక పొడుగునా నడుస్తూ, ప్రతి సందులోనూ తల దూర్చి చూసింది.

వానలు పడ్డాక కొండవాలున వదిలేస్తే కుక్కలు బతకనిస్తాయా? ఉంచుకుంటే ఇది బతుకేనా? అత్తయ్యకు జవాబు చెప్పాను గాని, తాబేలుకేం చెప్పాలో నాకింకా తేలలేదు.