తినకముందే తీసిన వాటా

అవ్వా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు వింటే సంబరపడే కబురొకటుంది, అందుకే రాస్తున్నాను.

కరీంనగర్‌లో మా యూనివర్సిటీ హాస్టల్ సంగతి నీకు తెలుసు. సెలవులకు ఇళ్లకెళ్లిన పిల్లలం డబ్బాల నిండా తినుబండారాలు తెచ్చుకుంటాం, మూడోనాటికి సగం పాడై చెత్తబుట్టలో పడుతుంది. నీ కంటబడితే ఊరుకునేదానివా! పోయిన నెల మెస్ గుమ్మం పక్కన బల్ల వేసి, 'మిగిలింది ఇక్కడ పెట్టండి' అని రాశాను. పెట్టారు. ఎవరూ ముట్టలేదు.

"ఎవలు తిని ఇడిసిందో ఏమెరుక? ఎంగిలి ఎవలు తింటరే?" అంది నా రూమ్మేటు సరిత.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మనం కంచాల ముందు కూర్చోకముందే పక్కింటికి గిన్నె నింపేదానివి. నేను విసుక్కుంటే, "తిన్నంక ఇస్తె ఎంగిలైతది బిడ్డా, ముందుగాల తీస్తె వాటా అయితది" అనేదానివి. పాత రాత చెరిపేసి, 'తినకముందే తీసిపెట్టండి' అని రాశాను. ఇప్పుడు సాయంత్రానికల్లా బల్ల ఖాళీ. సరిత కూడా తింటోంది.

పరీక్షలుండి ఇవాళ ఊరికి రాలేకపోయాను. వదిన సర్వపిండి చేసి పంపింది, నీ దగ్గర నేర్చుకున్నదే. ముందు సగం విరిచి బల్ల మీద పెట్టాను. చెన్నూరు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఒక ముక్క కొరికింది.

"ఎవలు చేసిండ్రక్కా? మస్తుంది గని, జర ఉప్పెక్కువైంది."

బాపు రోజూ నీతో అనే మాటే.

"మా అవ్వ చెయ్యి గట్లనే ఉంటది" అన్నాను. ఆ పిల్ల నవ్వి ఇంకో ముక్క తీసుకుంది.