అర ఆంపియర్

జూన్ 9, సోమవారం

తమ్ముణ్ణి స్తంభానికి కట్టేసి కొట్టారు. ఒడిశాలోని ఈ లక్ష్మీపూర్ నడిబజారులో, మేము నెట్ కనెక్షన్లు ఇచ్చిన వీధిలోనే.

ఎవరో మా నెట్ కొట్టులోకి పరిగెత్తుకొచ్చి, మీ సాయిరాంని కట్టీసేరమ్మా, బేగి రా అన్నారు. వెళ్లేసరికి చొక్కా పేలికలైపోయి, నోట్లోంచి నెత్తురు కారుతోంది. కట్టింది కూడా మా కేబుల్ వైరుతోనే. కొత్త వైఫై పెట్టెలు బిగించినప్పటి నుంచి రోజూ సాయంత్రం నెట్ పోతోందట. పగలు వీడొచ్చి చూస్తే అంతా బాగానే ఉంటుందట. అంటే వీడే తీసేస్తున్నాడని వీధివాళ్లు తేల్చేశారు.

నాకు కోపం వస్తే చెయ్యి ముందు, నోరు తర్వాత. ముందున్నవాణ్ణి చెప్పుతో కొట్టాను. ఇంకొకడి చెయ్యి కొరికాను. ఆ నెత్తురు వాడిదో నాదో తెలియదు. ఇంటికొచ్చి రెండుసార్లు పుక్కిలించాను.

మా ఆయన గణపతిరావు కొట్టు గుమ్మంలోనే నిలబడి చూశాడు.

జూన్ 10, మంగళవారం, కోరాపుట్

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. సాయిరాంకి కుడి చెయ్యి విరిగింది, ముందుపళ్లు పోయాయి. పళ్లు లేక మాట జారిపోతోంది. అయినా చెప్పాడు. ఇదంతా పింటుగాడి పనే అప్పా, నాను సూసేను, సాయంత్రం అయ్యేసరికి ఆడు మన స్తంభం మీదే ఉంటాడు అన్నాడు.

పింటు అవతలి కంపెనీ లైన్‌మ్యాన్. వాళ్ల వైరూ మా వైరూ ఒకే స్తంభం మీద వెళ్తాయి. మా వైరులో ఉండేది గాజు తీగ, వంచితే చాలు నెట్ పోతుంది, అదే చేస్తున్నాడన్నమాట. నమ్మాను. నమ్మడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు.

సాయిరాం స్నేహితులు మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. బిశ్వజిత్ నన్నే చూస్తూ, ఏం చెయ్యమంటావు దీదీ అన్నాడు. వాడి కాళ్లు విరగ్గొట్టండి అన్నాను. ఊరికే కోపంలో జారిన మాట కాదు. చప్పుడు వినాలనిపించింది.

జూన్ 12, గురువారం

పింటు దొరకలేదట. అన్నం సహించడం లేదు.

జూన్ 14, శనివారం, మధ్యాహ్నం

సుభశ్రీ కొట్టుకి వచ్చింది. హెల్త్ సెంటర్‌లో నర్సు, మా కస్టమరే. అరవలేదు. సంచిలోంచి వైఫై పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కనే, దానికి కరెంటు ఇచ్చే నల్లటి ఛార్జర్, కరిగి ముద్దయినది, పెట్టింది. నిన్న సాయంత్రం అది అంటుకుని, కర్టెన్ అంటుకుందట. ఆర్పబోయిన వాళ్లమ్మకి మోచేతి దాకా కాలిందట. మీ మీద కేసు పెట్టాలో, మీ మొహాన ఉమ్మాలో చెప్పండి అంది. అని వెళ్లిపోయింది.

కొట్టంతా కాలిన కంపు. పెట్టె తిరగేశాను. అడుగున రాసి ఉంది: పన్నెండు వోల్టులు, రెండున్నర ఆంపియర్. లోపలికి వెళ్లి, అట్టపెట్టెలోంచి కొత్త ఛార్జర్ ఒకటి తీసి చూశాను. పన్నెండు వోల్టులు, అర ఆంపియర్. ఇంకొకటి తీశాను. అర. అన్నీ అరే.

ఐదుగురికి ఒక్కడి అన్నం పెట్టినట్టు. పగలు సాయిరాం ఒక్క ఫోనుతో చూసేవాడు, బంగారంలా పనిచేసేది. సాయంత్రం ఇంటిల్లిపాదీ ఫోన్లు కలిపేసరికి కరెంటు చాలక పెట్టె చచ్చిపోయేది, మళ్లీ లేచేది, మళ్లీ చచ్చేది. ఛార్జర్ కాలిపోయేది. పింటు మా వైరు ముట్టుకోలేదు. అందరూ ఇళ్లకొచ్చే వేళకే ఎవరి లైనుకైనా కంప్లయింట్లు వస్తాయి, అందుకే ఆ వేళకి స్తంభం ఎక్కేవాడు. అంతే.

పెట్టెలు విడిగా కొన్నాం. ఛార్జర్లు మా ఆయన కటక్‌కి ఫోన్ చేసి తెప్పించాడు. పార్సిల్ రాయగడ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి తనే స్వయంగా తెచ్చాడు. ఫోన్లో ఏమన్నావని అడిగాను. అధే ఆంపియర్ అన్నాను అన్నాడు. ఒడియాలో రెండున్నరని అఢేయి అంటారు. అధే అంటే సగం. పుట్టింది ఇక్కడే, ఈయన నాలుకకి ఆ ఢ ఇప్పటికీ తిరగదు. పెళ్లయిన కొత్తలో దాని మీద ఎంత నవ్వుకునేవాళ్లమో.

ఎప్పుడు తెలిసింది అని అడిగాను. నేల చూపులు చూశాడు. పార్సిల్ విప్పినప్పుడే తెలిసిందట. పిన్ను పట్టింది, లైట్లు ఎలిగేయి, సాల్తాదిలే అనుకున్నాను అన్నాడు. అంటే నా తమ్ముణ్ణి కడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది తెలిసే.

చేతిలో ఉన్న ఛార్జర్ మొహాన విసిరాను. కనుబొమ చీలింది. నెత్తురు తుడుచుకుంటూనే, గట్టిగా అరవకే, ఈది ఈదంతా ఇంటాది అన్నాడు. మెల్లిగా ఒక్కొక్కటీ మార్సీద్దాం, ఎలాగూ పింటుగాడి మీదకి పోయింది కదా, పోనీ, మనకేటి అన్నాడు.

మనకేటి.

బిశ్వజిత్‌కి ఫోన్ చేశాను. స్విచాఫ్. మిగతావాళ్లూ అంతే. పెద్ద పనికి బయల్దేరితే ఫోన్లు ఆపేసుకుంటారు, నాకు తెలుసు.

జూన్ 15, ఆదివారం, సాయంత్రం

పింటుని సంత వెనక పట్టుకున్నారని ఎవరో చెప్పారు. నేను వెళ్లేసరికి కింద పడి ఉన్నాడు. నలుగురు ఇనప రాడ్లతో కొడుతున్నారు. ఆ చప్పుడు విన్నాను. వినాలనుకున్నది ఇదే. ఎండిన వెదురు విరిగినట్టుంది.

ఆపండి అని అరిచాను. ఎవరూ ఆగలేదు. నువ్వే కదా చెప్పావు దీదీ అన్నాడు బిశ్వజిత్, చెమట తుడుచుకుంటూ, నేనేదో మొహమాటపడుతున్నట్టు. పింటు మీద పడ్డాను. భుజం మీద ఒకటి తగిలింది. పింటు ఎడమ కన్ను ఉన్నచోట కన్ను కనబడలేదు. వాడి నెత్తురు వెచ్చగా నా మెడకి అంటుకుంది.

వీడు కాదు, ఛార్జర్లు అన్నాను. జాలిపడి అబద్ధం చెబుతున్నానని మళ్లీ రాడ్ ఎత్తారు. అప్పుడు పేరు చెప్పాను. తెచ్చింది మా ఆయన, తెలిసీ దాచాడు, మీ సాయిరాం పళ్లు పోయింది ఆయన వల్లే అన్నాను. అరిచి చెప్పాను.

ఆగారు. రాడ్లు కింద పడేయలేదు. పట్టుకునే బజారు వైపు నడిచారు.

ఎక్కడికో నాకు తెలుసు. పింటుని ఆటోలోకి లాగుతుంటే నా ఫోన్ మోగింది. మా ఆయన. మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తి, పారిపో అంటే చాలు. కొట్టుకి వెనక తలుపు ఉంది.

ఎత్తలేదు.

జూన్ 16, సోమవారం

కొట్టు మిగల్లేదు. మా ఆయనకి దవడ, పక్కటెముకలు పోయాయి. సాయిరాం ఉన్న వార్డులోనే పడుకోబెట్టారు. పింటుది ఆ చివర మంచం. కాలు రెండు చోట్ల విరిగింది. కన్ను రాదన్నారు.

బావని ఎందుకొదిలీసేవు అప్పా అని సాయిరాం ఏడ్చాడు. పింటుని ఎత్తడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి, ఫోన్ ఎత్తలేకపోయాను అన్నాను. అబద్ధం. ఆటో డ్రైవర్ సాయం పట్టాడు.

మా ఆయన దవడకి కట్టు కట్టారు, మాట్లాడలేడు. కళ్లతో నన్నే చూస్తున్నాడు. నాకు జాలి వేయలేదు. వేస్తుందని చాలాసేపు పక్కనే కూర్చున్నాను.

జూన్ 18, బుధవారం

పింటుని కొట్టమని ఎవరు చెప్పారని ఎస్సై అడిగాడు. కుర్రాళ్లు నోరు విప్పలేదట. పింటు కూడా తెలియదన్నాడట. నేనే చెప్పానన్నాను. చెప్పింది నీ మొగుడే కదా, కాపాడుకోవడానికి నీ మీద వేసుకుంటున్నావా అమ్మా, నీలాంటి ఇల్లాలు దొరకడం అదృష్టం అన్నాడు. నవ్వొచ్చింది. ఆగలేదు. కానిస్టేబుల్ రెక్క పట్టుకుని బయట కూర్చోబెట్టాడు.

మళ్లీ లోపలికి వెళ్లాను.