ఆవగింజంత నల్లమందు

కట్టంగూర్ దగ్గరి మన గూడెం,
1943 ఆగస్టు 11, బుధవారం ఉదయం

చిరంజీవి బిక్షమ్మకు నాయిన జానయ్య దీవించి వ్రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు. ఈ రోజు ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. నల్లగొండ దవాఖానలో చిన్న జానమ్మ కళ్ళు తెరిచిందో లేదో, అదొక్కటే నాకు తెలియాలి.

అల్లుడు సోమన్న మొదటి బస్సుకు వచ్చి అంతా చెప్పాడు. డాక్టరమ్మ పాప కనురెప్పలు ఎత్తి చూసిందట, నుదుటి మీది బొప్పి తడిమిందట, ఊపిరి తక్కువగా ఆడుతోంది, ఏమీ చెప్పలేను అన్నదట. ఏడాదిన్నర పిల్ల. మీ అమ్మ పోయిన ఏడే పుట్టిందని ఆమె పేరు పెట్టుకున్నాం.

నిన్న దొర మనిషి మైసయ్య వాకిట్లో నిలబడి, దొర చేన్ల కలుపుకు ఆడోళ్ళంత గిప్పుడే రావాలె, వెట్టికి సాకులు చెప్తే నడవదు అని అరిచాడు. నీవు తింటున్న ముద్ద వదిలేసి లేచావు. పిల్లను చీర ఉయ్యాలలో వేసి, నాయినా జర సూస్తుండు అని పోయావు. నారికురుపు లేచి వాచిన కాలుతో మంచం దిగలేని ముసలివాణ్ణి, ఎంత చూడగలను? కాసేపటికి పిల్ల లేచి మసలి, ఉయ్యాలలోంచి జారి రోలు మీద పడింది. దేక్కుంటూ పోయి ఎత్తుకున్నాను. చాలాసేపు ఏడ్చింది, తర్వాత నిద్రపోయింది. సాయంత్రం నీవు వచ్చి లేపితే లేవలేదు.

పోయేముందు ఆవగింజంత నల్లమందు పాలల్ల రంగరించి పెట్టిన అని నీవు ఏడుస్తూ ఒప్పుకున్నప్పుడు, దవాఖానకు కట్టిన బండి దగ్గర అందరి ముందు నిన్ను తిట్టాను. ప్రతి ఆదివారం ప్రార్థనల పిల్లలకు నల్లమందు పెట్టొద్దని గొంతు చించుకొని చెప్తున్న, నా ఇంట్లనే గీ పాడు పనా అన్నాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. తల్లులు కలుపుకు పోతే పిల్లలు బావి వైపు, పొయ్యి వైపు పోకుండా పడుకోవాలని గూడెంలో అందరూ చేసేది అదే. పోయిన ఏడు నల్లమందు మానేసిన యాదమ్మ బిడ్డ బావిలో పడింది. అది తెలిసి కూడా నేను తిడుతూనే వచ్చాను.

అలవాటున్న పిల్లను ఆవగింజంత మందు ఇంతసేపు పడుకోబెట్టదు, దెబ్బ లోపలికి తగిలిందో, ఇంకెవరన్నా ఏమన్నా పెట్టారో ఇంట్లో అడిగి రమ్మని డాక్టరమ్మ సోమన్నను పంపిందట. సోమన్న నా కాళ్ళ దగ్గర కూర్చుని, మామా, నువ్వేమన్న పెట్టినవా అని అడిగాడు. లేదన్నాను. దొరికిన బండెక్కి తిరిగి పోయాడు.

ఈ జాబు బస్సుకు నల్లగొండ వస్తున్న పక్కింటి గాలయ్య చేత పంపుతున్నాను. పిల్ల పక్కనుంచి కదలకు. నీవూ ఇంత తిను.

ఇట్లు,
నీ నాయిన జానయ్య

తా. క. జాబు మడిచి మళ్ళీ విప్పాను బిడ్డా. సోమన్నకు అబద్ధం చెప్పాను. పిల్ల పడి ఏడుస్తుంటే ఊరుకోబెట్టలేక నేనూ నల్లమందు పెట్టాను. చూరులో నీవు దాచిన డబ్బీ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు, కర్రతో కిందికి లాగి తీశాను. మైసయ్య తొందర పెట్టాడు కదా, నీవు పెట్టకుండానే పోయావనుకున్నాను. ఇంట్లో చీకటికి నాకు చూపు ఆనదు. ఆవగింజంత కాదు, పెసరగింజకంటే పెద్దదే అయి ఉంటుంది. పిల్ల నిద్రపోతే దేవునికి స్తోత్రం కూడా చెప్పుకున్నాను. తర్వాత సంఘం ముందు తల ఎత్తుకోలేనని నోరు మూసుకుని, నిందంతా నీ మీద వేశాను. నీవు ఈ చివరి ముక్క దాకా చదివేసరికి ఎంత ఆలస్యమవుతుందోనని భయమేస్తోంది. అందుకే గాలయ్యకు నోటితో కూడా చెప్పాను. దవాఖానలో మొదట ఎదురైన నర్సమ్మకే, ముసలోడు రెండోసారి నల్లమందు పెట్టిండు అని గట్టిగా చెప్పు, ఎవలు విన్నా సరే అన్నాను.